పొద్దుగాల, రెండు గీతలు

ఎంజీఎం గేటుకు ఎదురుగ, రెండో సందు మొదట్ల
పన్నెండేండ్లుగ కత్తెర పట్టుకొని నిలబడ్డ.
పది గోలీల పట్టీని మూడుకు, నాలుక్కు కోసుడు నా పని.
పేరున్న ముక్క ఒకరికి పోతది,
తారీఖున్న ముక్క ఇంకొకరికి.

కొత్తవాడ నుంచి ఆడెపు సుగుణమ్మ నెలకోపారి వచ్చేది.
కొంగుకు నూలు దుమ్ము,
వేళ్ల సందుల జంపఖాన ఎరుపు.
గొంతుకాడ చెయ్యి పెడితే చాలు, నాకు తెలుసు:
థైరాయిడ్ గోలి, యాభైది.

ఒకనాడు మోకాళ్లు కూడ చూపెట్టింది.
గుంటమగ్గం తొక్కీ తొక్కీ అరిగినయి.
కాల్షియం ఇచ్చిన.
అదే కవర్ల వేసి, పైన రెండు నిలువు గీతలు గీసి
'పొద్దుగాల' అని రాసిన.
పెన్ను పడకపోతే
రెండోపారి దిద్దిన కూడ.

చెప్పినట్టు చెయ్యకుండ ఉండే మనిషి కాదు.
లేవంగనే, పరిగడుపున, రెండూ ఒక్క గుక్కల.
లోపల ఏమైతదో నేను చూసింది కాదు, తర్వాత చదివింది:
ఆ సున్నం పోయి చిన్న గోలిని పట్టుకుంటది,
నెత్తుర్ల కలవనియ్యది.
బస్సు కదిలినా చెయ్యి ఇడువని సుట్టం లెక్క.

పరీక్షల అంకె పెరిగింది.
డాక్టరు యాభైని డెబ్బై ఐదు చేసిండు,
నూరు చేసిండు,
నూటిరవై ఐదు.
ప్రతిపారి నేనే కోసిచ్చిన. ప్రతిపారి ఒక్క కవర్ల.

జుట్టు ఊడుతున్నదని ఆడిబిడ్డ
అశ్వగంధ పొడి డబ్బా తెచ్చిపెట్టింది.
"చెట్టు మందే గద వదినె, ఏమైతది."
అది రాత్రిపూట, పాలల్ల.
డాక్టరు అడగలే. ఆమె చెప్పలే.
పొడిని మందని ఎవలంటరు?

చలికాలం ఆర్డర్లు ఆగినయి. సొసైటీ నూలియ్యలే.
ఆ నెల పైసలు లెక్కపెట్టి
కాల్షియం పట్టీని కౌంటరు మీదికే జరిపింది.
"ఇది ఉండనియ్యి బిడ్డా.
అది పానానిది, ఇది మోకాళ్లది."
సరే అమ్మా, అన్న.

ఇగ నూటిరవై ఐదూ అడ్డం లేకుండ దిగింది.
వెనుక నుంచి పొడి కూడ తోసిందో లేదో
ఆస్పత్రోళ్లూ గట్టిగ చెప్పలే.
చలిల చెమట. చేతుల నుంచి నాడె జారింది.
పడుగు పోగు వణుకుతున్నదనుకొని
చెయ్యితోటి ఆపబోయింది.
వణికేది పోగు కాదు.

మందులన్నీ తెమ్మంటే
కోడలు మంచం మీద సంచి బోర్లించింది.
ఒక డబ్బా. సగం పట్టీలు.
నా చేతిరాత కవర్లు, పదకొండు.
"ఈ రెండిటికీ నాలుగు గంటల ఎడం ఉండాలని
ఎవరూ చెప్పలేదా?" అన్నది చిన్న డాక్టరమ్మ,
కోడలు దిక్కు చూసి.
తలుపుకాడ నేను
చిల్లర ఇయ్యనొచ్చినోని లెక్క నిలబడ్డ.

మల్ల నెలకు సుగుణమ్మే వచ్చింది.
"నాలుగు గంటలంటె ఎట్ల తెలుస్తది?
గుంటలకెల్లి గోడ గడియారం కనబడది."
తనే వేళ్లమీద ఏదో లెక్కగట్టి అన్నది:
"మూరెడు నేస్తె అంతైతది."

చిన్న గోలి కవరు మీద: లేవంగనే.
పెద్దదాని మీద: మూరెడు నేసినంక.
పొడి గురించి డాక్టరు ఏమన్నదో
అదీ రాసిన: వద్దు.
రెండు కవర్లు రెండు చేతులకిచ్చిన.

వెనుక వరుసల ఆటో ఆయన వంగి చదివిండు.
"గట్లయితె నాకెన్ని మూరలన్నా?"

నవ్వు రాలే.
కత్తెర పక్కకు పెట్టి
పన్నెండేండ్లల్ల మొదటిపారి అడిగిన:
ఇంకేమేం మింగుతున్నవు?