తడి వల

పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి ల్యాబులో
ఇరవై రెండేళ్లుగా నా పని
జనం మొహం తిప్పుకునేదాన్ని
దగ్గరగా చూడడం.

ఈ ఉదయం మూడో డబ్బా:
చోడిపిల్లి ఎల్లాజీ, అరవై నాలుగు, జ్ఞానాపురం.
తుండుగుడ్డ కప్పి ఇచ్చాడు
దొంగసొత్తు అప్పగిస్తున్నట్టు.
"అసయ్యం తల్లీ, ఏటనుకోకు."

నేనేమీ అనుకోలేదు.
పొద్దున కడిగిన గుమ్మం మీద
మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోగల వీధి ఆయనది.
కళ్ళెలోనూ ఆ నలుపే,
సన్నటి దారంలా.

గాజుపలక మీద పూసి, రంగు పోసి,
కటకం కింద పెట్టాను.
బీచ్ రోడ్డు గోడల మీది కాగితం పూల రంగులో
తీగలు తీగలుగా విప్పుకుంది.
మ్యూసిన్ అంటారు దాన్ని.
పొడుగాటి ప్రోటీన్ పోగు,
ఒళ్ళంతా చక్కెర గొలుసులు
సీసాలు కడిగే బ్రష్షు వెంట్రుకల్లా.
చక్కెరలు నీటిని పట్టుకుంటాయి,
నీరు పోగును ఉబ్బిస్తుంది,
కొసకు కొస ముడిపడి
వల.

శ్లేష్మంలో పడ్డ ఈగ, అంటాం
ఈగ మీద జాలితో.
ఎన్ని తరాల జాలి!
ఒక్కరమైనా శ్లేష్మం పక్షాన నిలబడలేదు.
అక్కడ పడేది ఈగ కాదు.
రేవు గాలికి లేచిన బొగ్గు నలుసు,
ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము,
కాన్వెంట్ జంక్షన్‌లో లారీ వదిలిన పొగ,
సిటీ బస్సులో పక్కవాడి తుమ్ము తుంపర.
పడాలనే పరిచింది.

వల కింద కంటికానని తెడ్లు,
సెకనుకి పదీ పన్నెండు సార్లు
అన్నీ ఒకే వైపు, గొంతు వైపు.
హైలెస్సా అనేవాడు లేకుండా
మన నిద్రలో కూడా లాగుతూనే ఉంటాయి.
పైకొచ్చిన సరుకును
తెలియకుండానే మింగేస్తాం. రోజూ. మీరూ, నేనూ.
(అన్నం ముందు ఈ మాట ఎత్తొద్దని మా అమ్మాయి.)

ఈ పోగుల్లో రెండు రకాలున్నాయి.
ఒకటి ఎప్పుడూ ఉండే కాపలా.
అది లేకుండా పుట్టించిన ఎలుకల ఊపిరితిత్తుల్లో
క్రిములు కాపురం పెట్టాయని చదివాను.
రెండోది
పొగ రేగినప్పుడు, పురుగు సోకినప్పుడు
పిలవగానే పరిగెత్తుకొస్తుంది.
ఏళ్ల తరబడి పిలుస్తూనే ఉంటే
వచ్చినవాడు వెళ్లడం మరిచిపోతాడు,
గుమ్మానికి అడ్డంగా పడుకుంటాడు,
ఇంట్లోవాళ్లకి గాలి ఆడదు.

ఇదంతా ఎల్లాజీకి ఎలా చెప్పను?
బెంచీ మీద పక్కన కూర్చుని
నాకొచ్చినట్టు చెప్పాను.
ఆయన చేతులకేసి చూసుకున్నాడు.
బొగ్గు యార్డుకి పోకముందు
ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసేవాడట.
"తడుంటేనే తల్లీ వల.
ఉప్పు కట్టి ఎండిపోయిందనుకో, కర్రే.
కన్ను మూసుకుపోద్ది.
సేపా రాదు, నీరూ పోదు."

రిపోర్టులో అలాంటి గడి లేదు.
క్షయ క్రిములు కనబడలేదు, అని రాశాను.
"మరి ఈ దగ్గేటి?"
అలిసిన వల, అన్నాను.
డాక్టరు చీటీలో ఉప్పునీటి ఆవిరి రాశారు,
యంత్రంతో, పూటకోసారి.
ఉప్పు వెళ్లి నీటిని పిలుచుకొస్తుందని,
నీరొస్తే పోగులు మళ్ళీ వదులవుతాయని.

నవ్వాడు. నవ్వు దగ్గైంది,
దగ్గు చాలాసేపు దగ్గుగానే ఉండిపోయింది.
"ఉప్పునీళ్లా?
పుట్టినకాడ్నుంచీ దాని పక్కనే కదా పడుకున్నాను."

రెండో నమూనాకి కొత్త డబ్బా ఇచ్చాను.
మూత పెట్టబోతూ ఆగాడు.
ఈసారి తుండుగుడ్డ భుజం మీదే ఉంది.
డబ్బాను కిటికీ వెలుగుకెత్తి
ఒక కన్ను మూసి
బేరానికొచ్చిన వలను చూసినట్టు చూశాడు.

"కన్ను సన్నవే," అన్నాడు.