నాలుగో సిలిండరు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ
విమానం కట్టి చూడమని ఎవరూ అనలేదు.
అనే అవసరం పడలేదు వాళ్లకి.

టెమోరాలో, రన్‌వే పక్క రేకుల షెడ్డులో
మెర్వ్ ట్రాంటరూ నేనూ ఆరేళ్లుగా కడుతున్నాం.
ఆయన గోధుమ కోత యంత్రాలు బాగుచేసి రిటైరయ్యాడు,
నేను ఊరి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను.
ఇద్దరికీ వచ్చిన విద్య ఒకటే,
మూసి ఉన్నదాని లోపల ఏం జరుగుతోందో ఊహించడం.

ఎగిరింది. నవంబరులో, నిజంగానే ఎగిరింది.
ఏడు నిమిషాలు.
ఎనిమిదో నిమిషంలో నాలుగో సిలిండరు
రెండువందల ముప్పై డిగ్రీలు దాటింది.
మిగతా మూడూ పెళ్లికొచ్చిన చుట్టాల్లా హాయిగా ఉన్నాయి.
ఇదొక్కటే గాడిపొయ్యి ముందు నిలబడ్డ వంటమనిషి.

మొదట అందరూ చేసే తప్పే చేశాం.
గాలి కావాలంటే నోరు పెద్దది కావాలి కదా అని
కౌలింగు ముక్కు రంధ్రాలు కోసి పెంచాం.
ఫైబరు దుమ్ము పీల్చి వారం రోజులు దగ్గాం.
మళ్లీ ఎగిరితే
రెండువందల ముప్పై నాలుగు.

మెర్వ్ టోపీ తీసి బల్ల మీద పెట్టి
దానికేసి చాలాసేపు చూశాడు,
తప్పంతా టోపీదే అన్నట్టు.

గాలి కష్టజీవి కాదు.
సిలిండరు రెక్కల మధ్య, గోరు కూడా దూరని సందుల్లోంచి
వేడిని మోసుకుపొమ్మంటే
రబ్బరు పట్టీ ఎక్కడ ముడత పడిందా అని వెతుక్కుంటుంది.
పని పడ్డ ఇంట్లోంచి మేనల్లుడు జారుకున్నట్టు
చెప్పులు చేతబట్టుకుని
అటునుంచి అటే.

ఆ రాత్రి షెడ్డు దీపాలన్నీ ఆర్పేశాం.
కౌలింగు లోపల ఒక్క బల్బు వేలాడదీశాం.
పగలంతా నేను చేసే పనే ఇది,
వెలుతురు ఎక్కడ ఆగిందో, ఎక్కడ దాటిపోయిందో.
వెనక మూల, సరిగ్గా నాలుగో దాని పక్కన
వెంట్రుకంత గీత.
పడ్డ పిల్లవాడి మణికట్టులో కనిపించేలాంటిది.
"అదుగో, పగులు" అన్నాను.
ఆసుపత్రిలో ఆ మాట అనే అధికారం నాకు లేదు,
డాక్టరు వచ్చి అనాలి.
ఇంకోసారి అన్నాను, ఊరికే.

ఎర్ర సిలికాను పూశాం, కొత్త రబ్బరు బిగించాం.
పన్నెండు డిగ్రీలు తగ్గింది.
పన్నెండే.

ఆ పైన ఏం చేయాలో తోచక
పైమూత పట్టుకుని మేమిద్దరం వాదించుకుంటుంటే
లినెట్ టీ ఫ్లాస్కు కింద పెట్టి
తనూ వంగి, విమానం పొట్ట కింద నుంచి చూసింది.
"లోపలికి రమ్మన్నారు సరే,
మరి అది పోయేదెటు?"

ఆవిడకి కోళ్లున్నాయి.
ఒక జనవరిలో ముందు కిటికీలు తెరిచి
వెనకవి మూసి ఊరెళ్లింది.
పదకొండు కోళ్లు.
ఎన్నని అడగకుండానే చెబుతుంది ఇప్పటికీ.

కింది పెదవిని రెండంగుళాలు కిందికి వంచాం.
పోయే చోటు కాస్త వెడల్పయ్యేసరికి
బయట ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు
గాలి సందుల్లో దూరి, చేతనైనంత ఎత్తుకుని, వెళ్లింది.
నూట తొంభై.
ముక్కు కాస్త దించి, తొందరపడకుండా ఎక్కితే
ఇంకా తక్కువ.

దిగి, ఇంజను ఆపాను.
అన్నిటికంటే వేడి అప్పుడే అని నాకు తెలీదు.
పంకా ఆగుతుంది, గాలి ఆగుతుంది,
ఇనుము లోపల దాచుకున్నదంతా
అప్పుడు తీరిగ్గా పైకి వస్తుంది.
మెర్వ్ ఏమీ అనకుండా వచ్చి
ఆయిలు పోసే చిన్న తలుపు తెరిచి పెట్టాడు.

టిక్కు టిక్కుమని లోహం చల్లారుతోంది.
ముగ్గురం టీ తాగుతున్నాం.
తెరిచిన తలుపు మీద గాలి వణికి
అవతల ఉన్న గోధుమ సైలోలు
కాసేపు
నీళ్లలో నిలబడ్డట్టు కదిలాయి.