వెనక ఎడమవైపు

స్ప్రింగులు పడవలో వచ్చాయి,
తొమ్మిది రోజులు ఆలస్యంగా.
సావ్ జోర్జ్ దీవికి సముద్రం ఒప్పుకుంటేనే ఏదైనా వచ్చేది,
గోధుమపిండైనా, పెళ్ళిబట్టలైనా,
ఈ రెండు ఇనుప చుట్టలైనా.

తనిఖీవాళ్ళు కాగితం మీద రాసిచ్చారు:
వెనక ఎడమ స్ప్రింగు, విరిగింది.
నాకు ముందే తెలుసు.
రేవుకి దిగే మలుపులో ప్రతిసారీ
ఎవరో డిక్కీలో చెంచా జారవిడిచినట్టు చప్పుడు.

పదకొండేళ్ళు పాలక్యానులు మోసిన కోర్సా ఇది.
వెనక సీటు పీకేసి, చెక్క పరిచి,
తెల్లారకముందే పొగమంచులో
కొండమీది ఆవుల దగ్గర్నుంచి చీజ్ ఫ్యాక్టరీ దాకా,
కూర్చున్న కుక్కలా వెనకభాగం ఈడ్చుకుంటూ.

మా అక్క కొడుకు దెలియుకి పదిహేడు.
ఫోన్లో రెండు వీడియోలు చూసి
"గంట పని పిన్నీ" అన్నాడు.
ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాం,
నల్లరాళ్ళు, ఇక్కడ ఊరికే దొరికేవి అవొక్కటే.
ఇరుసు కింద జాకీ, కారు కింద రెండు దిమ్మలు.
కుడివైపు బోల్టు మంచిది, అడగ్గానే వచ్చేసింది.

ఎడమది రాలేదు.
నూనె పోశాం. ఆగాం. మళ్ళీ పోశాం.
సుత్తితో తట్టాం, బుజ్జగించాం, తిట్టాం.
దెలియు స్పానరు మీద ఎక్కి నిలబడ్డాడు.
స్పానరు వంగింది గాని అది ఉలకలేదు.
తుప్పంటే అంతే.
ఉప్పుగాలి రోజుకింత చెవిలో పోస్తూ పోతే
తాము విడివిడిగా ఉండేవాళ్ళమని
రెండు ఇనుములూ మరిచిపోతాయి.

"పొడుగాటి పైపుంటే వస్తుంది."
పొడుగాటి పైపు ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలుసు.
ఎవరిస్తు. గోడకి ఆవల.
ఆ గోడ గురించే ఆరేళ్ళుగా మాకు మాటల్లేవు.
అతని గిత్త పడగొట్టింది,
అతను తిరిగి పేర్చాడు, పేర్చినప్పుడు జానెడు ఇటు జరిగింది.
జానెడే. ఒక హైడ్రాంజియా వేరు పట్టేంత.

నూనె చేతులతోనే వెళ్ళాను,
కడుక్కుంటే మనసు మారుతుందని.
"పైపు" అన్నాను.
అతను నా మొహం చూళ్ళేదు, చేతులు చూశాడు.
టోపీ పెట్టుకుని, పైపు భుజానేసుకుని
గేటు వైపు పోకుండా
గోడెక్కి దిగాడు, సరిగ్గా ఆ జానెడు మీదుగా.

చివర అతను, మధ్యలో నేను, మొదట్లో పిల్లాడు.
ఒకే ఊపిరి.
బోల్టు పందిలా అరిచింది,
వదిలింది.

ఇరుసు మెల్లగా దింపితే
స్ప్రింగు దానంతటదే చేతిలోకొచ్చింది,
ఊగీ ఊగీ ఊడిన పాలపన్నులా.
రెండంగుళాల ముక్క మాత్రం
అడుగున రబ్బరుగిన్నెలో, బురదలో మిగిలింది.
ఇదా చెంచా, అనుకున్నాను.

కొత్తదాన్ని దెలియు తలకిందులుగా పెట్టబోయాడు.
"చివర ఆ మెట్టుకి ఆనాలి."
ఆరేళ్ళలో మా పెరట్లో అతని మొదటి మాట అది,
నాతో అన్నాడో, పిల్లాడితోనో, స్ప్రింగుతోనో.

బోల్టులు సగమే బిగించి కారు దించాం.
మిగతా సగం బరువు పడ్డాకే బిగించాలట.
చూస్తే తోకెత్తిన కోడిలా నిలబడి ఉంది.
దెలియు పడీ పడీ నవ్వాడు.
నాకు రాలేదు.
ఆవుల్ని మార్చిలో అమ్మేశాం,
క్యానులు చూరు కింద బోర్లించి ఉన్నాయి.
ఆ ఎత్తుని దించే బరువేదీ ఇంట్లో లేదు.

ఎవరిస్తు వచ్చి డిక్కీ అంచున కూర్చున్నాడు,
పరాయింటి కుర్చీలో కూర్చున్నట్టు, సగం సగం.
కారు దిగింది.
లేచాడు. ఒక్కసారి పైకొచ్చి
ఊగకుండా ఆగిపోయింది.
"కొన్నాళ్ళు బరువేసి తిప్పు, సర్దుకుంటుంది" అన్నాడు,
వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

పైపు ఇక్కడే ఉంది.
మరిచిపోయాడు. మరిచిపోయాడనే అనుకుంటున్నాను.
రేపు ఇచ్చేయాలి, ఓ అరచక్రం చీజ్‌తో.
గోడ దాటితే పది అడుగులు,
కాని కార్లోనే తీసుకెళ్తాను,
ఊరంతా చుట్టి, రేవు మలుపు మీదుగా.
ఆ చెంచా ఇంకా పడుతుందో లేదో
వినాలి కదా.