నిమిషానికి ఎన్ని చుక్కలు

పాత రబ్బరు పైపు పట్టుకుంటే
వేలికి మసి అంటింది, మెత్తగా, కుళ్లిన అరటితొక్కలాగ.
ఇప్పటి పెట్రోలు పడదట దీనికి,
లోపల్నుంచి తినేస్తాదట.
"ఇంకేటుందమ్మా ఇందులో, కేజీల్లెక్కన ఇచ్చీండి"
అన్నాడు తవిటినాయుడు.
ఆమదాలవలస నుంచి వచ్చి, బానెట్ ఎత్తి,
టీ తాగి, బానెట్ దించి వెళ్లిపోయాడు.

నలభై ఆరో ఏట ఈ పద్మినిలోనే డ్రైవింగ్ నేర్చుకున్నాను.
నాగావళి వంతెన మీద మూడుసార్లు ఆగిపోయింది,
వెనక లారీలు ఒకటే మోత.
"ఆగింది బండి కాదు సిస్టరూ, నువ్వు"
అన్నారు గవరయ్య మాస్టారు
పక్క సీట్లో తన సొంత బ్రేకు మీద కాలు తీయకుండా.
ఆయన స్కూలు మూతపడ్డాక
ఎర్ర ఎల్ అక్షరంతో సహా కొన్నాను.

ముప్పై ఏడేళ్లు ఏఎన్ఎమ్‌గా చేసిన చేతులు.
సెలైన్ పైపులో గాలిబుడగని
గోటితో కొట్టి పైకి తోలిన చేతులు.
ఇదీ పైపే కదా.

పొందూరులో మా వాకిట సిమెంటు సంచి పరుచుకుని
బండి కిందకి దూరాను.
ట్యాంకు దించడానికి ఒక పగలు, తిట్టుకోవడానికి ఇంకో పగలు.
పైపు నోట పెట్టి పీలిస్తే గుక్కెడు నోట్లోకొచ్చింది,
మూడు రోజులు ఆవకాయ కూడా పెట్రోలే.

వడకట్టడానికి పక్కింటి సూరమ్మ ఖద్దరు ముక్క ఇచ్చింది,
వాలుగ చేప దవడతో ఏకిన పత్తి, వెంట్రుకంత నూలు.
"పంచెకి నేసింది, ఇలగ చేసీసినావేటి?"
తుప్పు దాని మీద నిలిచిపోయింది
రాగిపిండిలాగ.

కోయంబత్తూరు నుంచి పార్సిల్:
పంపుకి కొత్త పొర, రెండు వాల్వులు, కార్బురేటర్ సూది.
సూది! ఆ పేరు చూసి
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అన్నీ బిగించాక అందుకుంది.
పదకొండు సెకన్లు.
ఆగిపోయింది.

మళ్లీ విప్పితే, కార్బురేటర్‌లో తేలవలసిన బుడ్డి మునిగి ఉంది.
చెవి దగ్గర ఊపాను, లోపల గళగళ.
వేడినీళ్లలో ముంచితే
ఒక్కచోట్నుంచే బుడగలు, ఆవగింజల్లాగ.
లోపలిదంతా ఆరబెట్టి పట్టుకెళ్తే
రేడియోలు బాగుచేసే అసిరినాయుడు
ఆ చిల్లు మీద సీసం బొట్టు పెట్టి, డబ్బులొద్దన్నాడు.
వాళ్లమ్మ కాన్పు నేను చేశానట.
నాకు గుర్తు లేదు.

సాయంత్రం మళ్లీ తాళం తిప్పాను.
దగ్గింది. దగ్గి, దగ్గి, గొంతు సర్దుకుంది.
సూరమ్మ కోళ్లు గోడెక్కేశాయి.

పది నిమిషాలు నడిపి, అలాగే ఉంచి, టార్చి పట్టుకుని
పంపు దగ్గర క్లిప్పు కింద చూశాను. తడి.
ఎడం చేతి గడియారం కంటి ఎత్తుకి పెట్టి లెక్కపెట్టాను:
నిమిషానికి నాలుగు చుక్కలు.
ఇంజను ఆపి, చల్లారనిచ్చి,
స్క్రూడ్రైవరు అర చుట్టు.
మళ్లీ తాళం. ఒకటి.
మళ్లీ ఆపి, పావు చుట్టు. మళ్లీ తాళం.

వార్డులో చుక్క ఆగితే పరుగెత్తేదాన్ని.
ఇప్పుడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాను, రాకూడదని.
నిమిషం నిండింది. రాలేదు.

ఇంకో నిమిషం చూశాను,
అలవాటు.