తెల్లకడుపు రాళ్లు

తండేకా బ్లూమ్‌ఫోంటేన్ నుంచి వచ్చింది,
జీపు నిండా డబ్బాలు, జల్లెళ్లు,
రంగుల నమూనాల పుస్తకం ఒకటి.
గుంట తవ్వడానికి మనిషి కావాలంది.
గొర్రెలు నీడకి చేరే వేళ కదా,
సరే అన్నాను.

కరూలో మా కొండకి పేరు లేదు.
ఫిల్యూన్ గారి కాగితాల్లో
ఏడో నంబరు బీడు, అంతే.
పైన నల్లరాయి, నడుము నుంచి కిందికి పలకరాయి,
మధ్యలో ఈ ఏటవాలు.
గొర్రెలు నడుస్తాయి దీని మీద.
నేను జారుతాను.

గడ్డపార మొదటి దెబ్బకి నిప్పురవ్వ.
రెండో దెబ్బకీ అదే.
"ఆగు. పైనున్నది ముందు లెక్కపెట్టాలి" అంది.
రెండు మూరల చదరం గీసి మోకాళ్ల మీద కూర్చుంది.
నూటికి డెబ్బై పాళ్లు రాయి.
మిగతా ముప్పైలో
ఎండి నల్లబడ్డ నాచు, గొర్రె పెంటికలు,
ఒక చీమలబారు,
నా బూటు.

రాళ్లు తీస్తే కింద అంగుళం మేర బూడిదరంగు మన్ను,
పులిసిన రొట్టె లోపలిలా చిన్న చిన్న బుడగలు.
దాని కింద ఎరుపు.
చిటికెడు తీసి ఉమ్మితో తడిపింది,
బొటనవేలితో ముందుకు నెట్టింది.
గోరంత సాగి తెగిపోయింది.
నేను నాలుక మీద వేసుకుని చూశాను.
ఉప్పు లేదన్నాను.
నవ్వింది గానీ రాసుకుంది.

మోకాలి లోతుకి దిగేసరికి తెల్లగా అడ్డం పడింది.
సున్నం, గచ్చులా గట్టిపడిన సున్నం.
చిన్న సీసాలోంచి ఆసిడ్ చుక్క వేస్తే
బుసబుసా పొంగింది.
"మా నాన్న గొయ్యి తవ్వినప్పుడూ
దీని దగ్గరే ఆగిపోయాం" అన్నాను.
"నక్కలు తోడకుండా పైన రాళ్లు పేర్చాం."
ఆమె పెన్సిల్ కాసేపు కదల్లేదు.
తర్వాత మెల్లగా అడిగింది:
"అక్కడ ఎంత లోతు?"
"ఇదే. మోకాలు."
అదీ రాసుకుంది.

ఒక రాయిని తిరగేసి నా చేతిలో పెట్టింది.
వీపు నలుపు, నూనె రాసినట్టు.
కడుపు తెలుపు.
వాన రాతి పక్కనుంచి దిగుతుందట,
కరిగిన సున్నం కడుపుకి అంటుకుని ఆరుతుందట.
ఈ మాత్రం మందానికి
మా ముత్తాతకి ముత్తాత కూడా చాలడట.

నలభై ఏళ్లుగా ఈ వాలు మీద
అక్కడక్కడా తెల్లరాళ్లు చూస్తూనే ఉన్నాను,
వేరే జాతి రాళ్లనుకున్నాను.
తేళ్ల కోసం బబూన్లు తిరగేసి వదిలేసినవి.

ఔమా సోఫియా చెప్పేది:
పెద్ద ఫిల్యూన్ కాలంలో బుట్టకి ఒక పెన్నీ లెక్కన
ఆడవాళ్లంతా వాలు దిగువన రాళ్లు ఏరారట,
దొడ్డి గోడకి.
రాళ్లు పోతే గడ్డి దుబ్బుగా వస్తుందన్నారట.
మొదటి ఏడు వచ్చింది కూడా.
రెండో ఏడు ఉరుముల వాన,
గొడుగు లేని నెత్తి మీద పడ్డట్టు పడింది.
అక్కడ మన్ను లోతు, మెత్తన.
ఇప్పుడది వాగు.
నేను దిగితే టోపీ కూడా కనపడదు.
దొడ్డి గోడ మాత్రం నిటారుగా ఉంది,
సగం రాళ్లు తెల్లకడుపులు బయటపెట్టుకుని.

సాయంత్రం గుంట పూడ్చాం.
ముందు తెలుపు, పైన ఎరుపు,
ఆ పైన, మిగిలినంత, బూడిద.
బుడగలు మళ్లీ రావాలంటే ఎన్ని వానలో
ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.
"రాళ్లు ఎలా పడితే అలా వేసెయ్, పర్లేదు"
అంటూ జీపు ఎక్కింది.

దుమ్ము అణిగేదాకా చూసి కూర్చున్నాను.
ఒక్కొక్కటే,
నల్లవీపు పైకి, తెల్లకడుపు కిందికి,
కదలకుండా అరచేత్తో నొక్కి.
చివరికి గుప్పెట్లో పట్టే రాయి ఒకటి మిగిలింది,
రెండు వైపులా తెలుపే.
ఎప్పుడో ఎవరో తిరగేశారు,
మళ్లీ అంత కాలమూ పడుకుంది.
దాన్ని ఎటు పెట్టాలో తోచక
జేబులో వేసుకున్నాను.

గొర్రెలు అప్పటికే లేచి,
కొండ ఎక్కుతున్నాయి.