ఎడంచేతి కుట్టు

వంటచెరకు లెక్కన తూచి కొంటానన్నాడు కట్టెల అడితి మనిషి.
నేను మూడొందలు ఎక్కువిచ్చాను.
సూరాడ పోలమ్మ చుట్ట ఆర్పి
నన్నోసారి, పడవనోసారి చూసి
"ఏటి సేసుకుంతావు బావూ దీన్ని?" అంది.
నాకేం తెలుసు.

టెక్కలి డిపోలో
ఇరవై రెండేళ్ళుగా బస్సుల కింద వెల్లకిలా పడుకునేవాణ్ణి.
నట్టూ బోల్టూ గ్రీజూ, అంతవరకే నా చదువు.
ఇది మూడో పడవ.
మొదటిది బారువలో దొరికింది, అందులో కోళ్ళు గుడ్లు పెడుతుండగా.
రెండోదాన్ని తిత్లీ తుపాను తెచ్చి జీడితోటలో పడేసింది,
దాని సొంతదారు కూడా వెనక్కి అడగలేదు.
"ఈసారి ఓ రైలుపెట్టె కొనుక్కురండి, పెరట్లో ఇంకా చోటుంది"
అంటుంది మా నీలవేణి,
అంటూనే క్యారియర్ కడుతుంది.

వారానికొక సెలవు.
తెల్లారకముందే భావనపాడు ఇసకలో దిగుతాను.
ఫైబరు పడవలు నీలంగా, ఎర్రగా,
పేర్లతో, ఇంజన్లతో వరసగా ఉంటాయి.
వాటి వెనక, సరుగుడు నీడలో
పక్కటెముకలు లేని ఈ ముసలిది.
చెయ్యిపెట్టి వెతికాను మేకు కోసం.
ఒక్కటీ లేదు.
మామిడి పలక పక్కన మామిడి పలక,
సందులో గడ్డి,
పైన కొబ్బరి పీచు తాడుతో కుట్టేశారు,
గోనెసంచి మూతి కుట్టినట్టు.
ఇనుము లేకుండా సముద్రం మీదికి వెళ్ళొచ్చని
ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు.

కుళ్ళిన కుట్లు విప్పడానికే మూడు నెలలు.
పురుగు తొలిచిన పలకలు రెండు మార్చాను.
పలాస నుంచి జీడిపిక్కల నూనె తెచ్చి పూస్తే
చెక్క నల్లగా నిగనిగలాడింది,
నా అరచేతులు బొబ్బలెక్కాయి.
ఆ వారం స్పానరు పట్టుకోలేక
రేడియేటరు కాల్చిందని
సూపర్‌వైజరుకి అబద్ధం చెప్పాను.

ఎంత కుట్టినా కుదరదు నా కుట్టు.
పాత బెజ్జాల్లోంచి తాడు వెళ్తుంది గానీ
బిగించేసరికి
అలైన్‌మెంటు పోయిన చక్రంలా పక్కకి లాగేస్తుంది.
పోలమ్మ వచ్చి కూచుంటుంది,
ఎండుచేపల గంపకి కాపలా అన్నట్టు,
పడవకేసి చూడనట్టు.
ఒకనాడు ఉండబట్టలేక లేచింది.
"ఆ సెయ్యి కాదు."
"మరి?"
"మా దండాసిది ఎడంసెయ్యి.
బెజ్జాలన్నీ అటేపే వాలుంతాయి. సూడు."

చూశాను.
ముప్పైయేళ్ళ కిందటి ఒక మనిషి వాలు
చెక్కలో అలాగే ఉంది.

ఆ తరవాత ఆరు వారాలు
టీగ్లాసు ఎడంచేత్తో పట్టుకున్నాను,
గెడ్డం ఎడంచేత్తో గీసుకుని బుగ్గ కోసుకున్నాను.
పోలమ్మ తొడ మీద తాడు పేనింది.
ముక్కు దగ్గర జానెడు మేర పాత కుట్టు
ఇంకా గట్టిగానే ఉంటే
నేను విప్పలేదు.
ఆమె కూడా దాని సంగతి ఎత్తలేదు.

నీళ్ళలోకి తోసిన రోజు
పదిమంది కుర్రాళ్ళు సాయం పట్టి, వెంటనే ఫోన్లు తీశారు.
మొదటి అల దాటకుండానే నీళ్ళొచ్చేశాయి,
ప్రతి కుట్టులోంచీ, సన్నగా.
ఆయిల్ డబ్బా కోసి చేసిన ముంతతో తోడుతున్నాను,
మడమలదాకా ఉప్పునీళ్ళలో నిలబడి
నా ఏడాది సెలవులన్నీ తోడుతున్నాను.
ఒడ్డు నించి పోలమ్మ అరుస్తోంది,
"తోడకు బావూ!
ఎండలో ఎండిపోయిన పేనం. తాగనీ.
కడుపు నిండితే అదే నోరు మూసుకుంతాది!"

ముంత పక్కన పెట్టి కూచున్నాను.
నీళ్ళు పిక్కలదాకా వచ్చాయి.
ఆగాయా, ఇంకా వస్తున్నాయా అని
ముక్కు దగ్గరి ఆ జానెడు కుట్టు మీద
ఎడంచెయ్యి ఆనించి
చూస్తున్నాను.