ఉప్పు ఎక్కువైంది

చిత్తూరు బెల్లం మండీలో ఆ రాత్రి
లెక్కల బల్ల మీద కొడవలి పెట్టి
"తెరువు" అన్నాడొకడు.
చెంగల్రాయుడు తెరిచేసినాడు.
చెరుకు నరికే కొడవలే,
దాని జిగురు ఇంకా ఆరలేదంట.

పదిరోజులు అన్నం సయించలేదు మా ఆయనకు.
పదకొండో రోజు లేచి జాగ్రత్తలు మొదలుపెట్టినాడు.
బీరువాకు రెండు తాళాలు.
ఒకటి నా మెడలో, పసుపుతాడు పక్కన.
ఇంకొకటి పుత్తూరులో, ఆడబిడ్డ ధనకోటి దగ్గర.
రెండూ కలిసినా పొద్దున పదికి ముందు తెరుచుకోని యంత్రం
మద్రాసు నుంచి వచ్చింది.
ఫోన్లో "ఊరిబిండిలో ఉప్పు ఎక్కువైంది" అంటే
గొంతు మీద కత్తి ఉందని అర్థం.

"తెరవలేనోడిని బెదిరించి ఏం లాభం?" అని
ఆ రాత్రి గురక పెట్టి నిద్రపోయినాడు.

నాకు పట్టలేదు.
తెరవలేనని వాడికెట్ల తెలుస్తాది?
నిజం చెప్తే నమ్మే మొగమా వాడిది?
రెండుగంటలప్పుడొస్తే పది దాకా
ఆ కొడవలికి కాఫీ కాచి పోయాల్నా నేను?
నా మెడలో సగమే ఉందని తెలిస్తే
మిగతా సగానికి పుత్తూరు దావ పడతాడు గదా,
ఈ మండీలో ధనకోటి తిన్న బెల్లం ఎంతని?

అటక మీది పాత చిట్టా దించి
బరువులు రాసిన కాగితాల వెనక
మా జాగ్రత్తలు కన్న భయాలు రాసినాం.
సొరుగులో నలభై వేలుండాల, వాడు పట్టుకొని పోయేదానికి.
గోడకు బోర్డు. వాడికి చదువు రాకపోతే?
ధనకోటికి జరమొస్తే.
తాళం ఏ బియ్యం డబ్బాలో దాచిందో
ఆమెకే గుర్తు లేకపోతే.
"నేను పోతే" అని రాయబోయి
ఆయన పెన్ను మూత పెట్టేసినాడు.
తర్వాత నేను రాసినా, చిన్న అక్షరాలతో.

అప్పట్నుంచి మా ఇంట్లో ఉప్పు మాటెత్తరు.
నోరు పొక్కినా సంగటి ముద్ద అద్దుకొని
గమ్ముగా మింగుతారు.

మొన్న మంగళవారం ధనకోటి ఫోను.
"వదినా, ఊరిబిండిలో ఉప్పు ఎక్కువైందే" అని నవ్వింది.
మరిచిపోయి అన్నదా?
ఆ నవ్వు ఆమెదేనా, ఎవురన్నా నవ్వమన్నారా?
చిట్టాలో ఈ పేజీ లేదు.
నోటికొచ్చింది అడిగినా:
"మీ ఆవు ఈనిందా?"
ఆమెకు ఆవు లేదు. ఎప్పుడూ లేదు.

అవతల కుక్కరు రెండు కూతలేసింది.

"ఏ ఆవు? ఎండకు మతి పోయిందా నీకు?"
అని విసుక్కునింది.

ఆ విసుగును రెండు చేతులా పట్టుకొని
గడప మీద కూలబడినా.